ఎర్రనేల పడుగు, పచ్చటి పేక

ఒకరు రాసినదాన్ని చదివి అందులో వంకలు పెట్టడం నా ఉద్యోగం. ఆ గుణం నాకు పుట్టుకతోనే ఉందనీ, దానికి జీతం కూడా ఇచ్చేవాళ్ళున్నారంటే నమ్మలేకపోతున్నాననీ మా అమ్మ అంటుంది. నిజమే, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ప్రోగ్రామ్‌లో ఎవరు ఏ మార్పు చేసినా అది నా కళ్ళ ముందు నుంచి పోవాల్సిందే. నేను చదివి, అడగాల్సినవన్నీ అడిగి, సరేనంటేనే లోపలికి వెళుతుంది. దీన్ని మావాళ్ళు రివ్యూ అంటారు. నా వెనక ఇంకేదో అంటారట, అది నాకనవసరం.

మా ఆఫీసు హిందూపురంలో ఒక ఇనుప సామాన్ల అంగడి మీద ఉంది. కింద లారీలోంచి రేకులు దించుతుంటే పైన మా బల్లలు అదురుతాయి. మేం చేసేది చీరల బొమ్మలు గీసే ప్రోగ్రామ్. ధర్మవరంలో నేతవాళ్ళు నిలువు దారం రంగు, అడ్డు దారం రంగు, అంటే పడుగూ పేకా, అంచూ బుటాలూ చెబితే, మగ్గం మీదికి ఎక్కకముందే ఆ చీర ఎలా ఉంటుందో తెర మీద చూపిస్తుంది. ఫొటోలాగా ఊరికే నిలబడి ఉండదు. మౌసుతో తిప్పితే చీర తిరుగుతుంది, మడతలో నీడ పడుతుంది, అంచు మీద వెలుగు జారుతుంది. ఇలా వెలుగునీడలు లెక్కగట్టి బొమ్మ గీసే భాగాన్ని రెండరర్ అంటారు. నేను కాపలా కాసేది దానికే.

ఇన్నేళ్ళయినా దాన్ని చూసి నోరు వెళ్ళబెట్టడం నేను మానలేదు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేసిన పట్టు, ఇటునుంచి చూస్తే ఒక రంగూ అటునుంచి చూస్తే ఇంకో రంగూ కొడుతుంది కదా. తెర మీద అది రావాలంటే ఒక్కో చుక్కనూ అడగాలి. వెలుగు ఎటునుంచి పడుతోంది, చూసే కన్ను ఎక్కడుంది, నీ దగ్గర పైకి తేలింది పడుగా పేకా అని. తెర మీద లక్షల చుక్కలుంటాయి. రెప్ప మూసేలోగా అన్నీ జవాబు చెప్పేస్తాయి, తెరిచేలోగా మళ్ళీ మొదటినుంచి చెబుతాయి. ఈ ప్రశ్నలడిగే చిన్న ప్రోగ్రామ్ పేరు షేడర్. అరపేజీ కూడా ఉండదు. దాన్ని చదివినప్పుడల్లా ఇది మనుషులు రాసిందేనా అనిపిస్తుంది. రాసిన మనిషి నాకు బాగా తెలుసు, అయినా అనిపిస్తుంది.

ఆ మనిషి పెనుకొండలో ఉంటాడు. ఒకప్పుడు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాడు, ఇప్పుడు ఇంటినుంచే మాకు పనిచేస్తున్నాడు. వాళ్ళ నాయనకు గొర్రెలున్నాయి. ఫోన్‌లో నేనేదైనా గట్టిగా అడిగితే ముందు గొర్రె జవాబు చెబుతుంది, ఆ తర్వాత ఆయన. గొర్రెలే నయం, అవి ఎక్కువ మాట్లాడతాయి.

షేడర్ ఒక్కోసారి పనిచేయదు. కంప్యూటరు పాతదైతే, అందులోని గ్రాఫిక్స్ కార్డుకు కొత్త మాటలు కొన్ని అర్థం కావు. మొదట్లో అలా జరిగితే చీరంతా కళ్ళు పొడిచే గులాబీ రంగులో వచ్చేది. ఏదో చెడిందని మాకు తెలియడం కోసం పెట్టుకున్న రంగు అది. ఒకసారి ధర్మవరంలో ఎవరింట్లోనో పెళ్ళిచీర చూపిస్తుండగా తెరంతా ఆ గులాబీ పులుముకుందట. ఆ ఇంటి పెద్దావిడ అపశకునమని లేచి లోపలికి వెళ్ళిపోయిందట. మా యజమాని మడకశిర మనిషి, కన్నడం, తెలుగు కలిపి మాట్లాడే మంచివాడు. ఇంటికొచ్చినవాళ్ళ ముందర మన కష్టాలు చెప్పుకుంటామా అన్నాడు. షేడర్ పనిచేయకపోతే రెండు రంగులూ కలిపేసి, ఒకే రంగు సాదా పట్టు చూపించమన్నాడు. అలాగే చేశారు. చూసేవాళ్ళకు ఏదో ఒక చీర కనిపిస్తుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు. మా వైపు దీన్ని మర్యాద అంటారు. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా, వచ్చినవాళ్ళు అడిగితే అంతా బాగుందనే చెబుతాం.

ఆ మర్యాద మా టెస్టులకూ అంటుకుంది. టెస్టు అంటే, మా ప్రోగ్రామ్ చేత బొమ్మ గీయించి అది సరిగ్గా వచ్చిందో లేదో చూసే ఇంకో ప్రోగ్రామ్. నేతవాళ్ళ ఇళ్ళలో ఉండేలాంటి పాత కంప్యూటరొకటి ఆఫీసులో మూలన పెట్టుకున్నాం. టెస్టులు దాని మీదే నడుస్తాయి. బాగుంటే పచ్చచుక్క, బాగలేకపోతే ఎర్రచుక్క. రోజూ అన్నీ పచ్చగానే ఉండేవి. పొద్దున రాగానే ఆ పచ్చదనం చూసుకుని హాయిగా టీ తాగేదాన్ని.

ఈ వానాకాలం మొదట్లో పెనుకొండ ఆయన ఒక మార్పు పంపాడు. చాలా చిన్నది. టెస్టులో, తప్పు జరిగితే పట్టుకుని గుటుక్కున మింగేసే వాక్యాలు కొన్నుండేవి, వాటిని కొట్టేశాడు. సాదా పట్టు వచ్చిందంటే టెస్టు తప్పినట్టే అని రాశాడు. అంతటితో ఆగలేదు. ఇకమీదట నేతవాళ్ళకు సాదా పట్టు చూపించాల్సి వస్తే, బొమ్మ కింద ఒక పట్టీ రావాలన్నాడు. ‘ఇది మీ చీర కాదు. మీ చీర మేం గీయలేకపోయాం.’

చదవగానే నాకు ఒళ్ళు మండింది. నేతవాళ్ళు భయపడరా అని రాశాను. ఇంత మొరటుగా ఎవరైనా చెబుతారా అని రాశాను. పచ్చగా నడుస్తున్నదాన్ని కెలకడమెందుకని రాశాను. ఒక్కో వాక్యం పక్కన ఒక్కో దెప్పు. ఆయన దేనికీ జవాబివ్వకుండా చివర ఒకే ముక్క రాశాడు. ఒకసారి నడిపి చూడమన్నాడు.

ఆయన తప్పని చూపించడానికే నడిపాను. మూలనున్న పాత కంప్యూటరు కాసేపు గురగురలాడింది. ఒక ఎర్రచుక్క పడింది. దాని కింద ఇంకొకటి. రెండురంగుల చీరల టెస్టులన్నీ వరసగా ఎర్రబడుతూ కిందికి దిగిపోయాయి. టెస్టు దాచిపెట్టిన బొమ్మలు తెరిచి చూశాను. ఒక్కటి కూడా రెండురంగుల చీర కాదు. అన్నీ సాదా పట్టే, అన్నీ నున్నగా, అందంగా, ఏమీ ఎరగనట్టు మడతలు పరుచుకుని ఉన్నాయి. కొత్త కార్డుల కోసం షేడర్‌ని మార్చి రాసినప్పటినుంచీ ఇదే జరుగుతోంది. నా ముందున్న కొత్త కంప్యూటర్లో మాత్రం అంతా బ్రహ్మాండంగా కనిపిస్తోంది. ఇంత తప్పు ఇన్నాళ్ళు ఇంత మర్యాదగా మా మధ్యే తిరిగిందంటే భయమేసింది, ఒక రకంగా దాని ముందు చేతులు జోడించాలనీ అనిపించింది.

పెనుకొండకు ఫోన్ చేశాను. గొర్రె అరిచింది.

“ఏమప్పా, ఇన్నాళ్ళూ పచ్చగా ఉన్నింది కదా?” అన్నాను.

“బొమ్మ వచ్చిందా అని అడిగినాము మేడమ్, వచ్చిందనింది. ఎవరి బొమ్మ అని మనం అడగల్యా.”

ఇంతలో నాకు తట్టింది. ఇలాంటి పాత కంప్యూటరు మీద ఈమధ్య మన ప్రోగ్రామ్‌లో చీర చూసుకున్నవాళ్ళు ఎవరని అడిగాను. ఆయన అప్పటికే చూసి పెట్టాడు. ధర్మవరంలో ఒకావిడ అన్నాడు.

ఆమె నాకు తెలుసు. సోమందేపల్లి దగ్గర మెట్టచేలల్లో పెరిగి, పెళ్ళయ్యాక ధర్మవరం వచ్చి నేత నేర్చుకున్న మనిషి. ఆమె, ఆమె భర్త ఇంట్లోనే మగ్గం వేసుకుని ఒక వ్యాపారికి కూలికి నేస్తారు. పట్టు ఆ వ్యాపారిది, రంగులు ఆయనవి, డిజైన్ ఆయనది. ఈసారి మొట్టమొదటగా తన సొంత పట్టు కొనుక్కుని, తను అనుకున్న రంగులతో నేయాలని ఆమె పట్టుబట్టింది. ఎర్రమట్టి రంగు పడుగు, మొలక పచ్చ పేక. వీధిలో ఒక్కరూ మెచ్చుకోలేదట. ఆ చీరలు అమ్ముడుపోతే సొంత నేత సాగుతుంది. పోకపోతే మళ్ళీ వ్యాపారి గుమ్మం ముందు నిలబడాలి. ఎవరో వాడి అమ్మేసిన ల్యాప్‌టాప్ మీద మా ప్రోగ్రామ్ పెట్టుకుని తన చీరను చూసుకుంది పాపం.

ఫోన్ చేసి, బొమ్మ ఎట్లుందని అడిగాను. బాగుండాదక్కా అంది. రంగులు సరిగ్గా కనిపించాయా అన్నాను. అంతా బాగుండాది, మీకెందుకు శ్రమ అంది. పడుగుకు అద్దకం అయిపోయిందా అంటే, అయిందనీ, పేకకు రేపు వేయిస్తామనీ చెప్పింది. పచ్చ కాదట. పేక కూడా ఎరుపే వేయించేస్తున్నారట. ఎందుకు మార్చావంటే ఊరికే అంది. ఆ ‘ఊరికే’ నాకు గుండెలో ముల్లులా దిగింది. మేం వచ్చేదాకా పేక ముట్టుకోవద్దన్నాను. సరే అంది. బాగుండాదన్న గొంతుతోనే సరే అంది, అదే నా దిగులు.

చెడిందేమిటో ఇప్పుడు టెస్టే నోరు విప్పి చెబుతోంది కాబట్టి, బాగుచేయడం పెద్ద పని కాలేదు. ఫలానా వాక్యం నాకు అర్థం కాలేదని పాత కార్డు ఎప్పటినుంచో మొత్తుకుంటోంది. ఆ మొత్తుకోలు మా దాకా రానివ్వలేదు మేం. పెనుకొండ ఆయన ఆ వాక్యాన్ని పాత పద్ధతిలో మార్చి రాశాడు. ఎర్రచుక్కలు ఒక్కొక్కటీ పచ్చబడ్డాయి. ఈసారి నేను పచ్చను నమ్మలేదు. ఒక్కో బొమ్మా తెరిచి, తిప్పి, కళ్ళారా చూసి గానీ వదల్లేదు.

మా యజమాని, కొత్త బొమ్మ పంపితే సరిపోయేదానికి రైలు ఛార్జీల దుడ్లు ఎందుకు దండగ అన్నాడు. మన తప్పని నోటితో చెప్పుకోవడమెందుకన్నాడు. బొమ్మ పంపితే ఆమె మళ్ళీ బాగుండాదనే అంటుందని చెప్పి, జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగాను.

మర్నాడు పొద్దున హిందూపురంలో రైలెక్కాను. పెనుకొండలో ఆయన ఎక్కాడు, సంచిలో ల్యాప్‌టాప్, చెప్పులకు ఎర్రమట్టి. ఆమె చీరను తెర మీద తెరిచి దారి పొడుగునా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. బయట ఏమున్నదో చూడలేదు.

ధర్మవరంలో ఆమె వీధి పొడుగునా మగ్గాల చప్పుడు. ఆమె ఎదురొచ్చి, నీళ్ళిచ్చి, కాఫీకి పాలు పెట్టబోయింది. కాఫీ తర్వాత, ముందు ఇట్లా కూర్చోమన్నాను. నువ్వు చూసింది నీ చీర కాదని చెప్పేశాను. మా ప్రోగ్రామ్ నీ చీరను గీయలేక, రెండు రంగులూ కలిపేసి ఏదో ఒకటి చూపించిందనీ, గీయలేకపోయానని నీకు చెప్పలేదనీ అన్నాను. ఆమె మా ఇద్దరి మొహాలూ చూసింది. పెనుకొండ ఆయన ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు.

చీర తెర మీద వేలాడుతోంది. ఎర్రటి మట్టి రంగు. ఆమె మౌసు మీద వేలుంచి మెల్లగా తిప్పింది. మడత మీద ఎరుపు సన్నగిల్లి, కింద నుంచి పచ్చదనం పాకుతూ వచ్చి చీరంతా కమ్ముకుంది. మళ్ళీ వెనక్కి తిప్పింది. పచ్చ ఇంకిపోయి మన్ను తేలింది. అటూ ఇటూ తిప్పుతూనే ఉంది. ఆ షేడర్‌లోని ఒక్కో అక్షరం తెలిసిన నాకు కూడా ఒళ్ళు జలదరించింది.

“మా నాయన చేను, అక్కా” అంది చివరికి. “శెనక్కాయ మొలిచినప్పుడు సాలు ఎంబడి నిలబడి చూస్తే మన్నే కనపడుతుంది. గట్టు మీదికి పోయి అడ్డంగా చూస్తే అంతా పచ్చగా ఉంటుంది. చిన్నప్పుడు ఈడికీ ఆడికీ ఉరుకుతానే ఉంటి, అది చూసేదానికి.”

ఆమె తెర మీదనుంచి కళ్ళు తిప్పకుండానే మిగతాది చెప్పింది. మా బొమ్మలో అది బురద మాదిరి కనిపించిందట. మిషను అబద్ధం చెప్పదు కదా, తన తలకాయలో ఉన్నదే తప్పేమో అనుకుందట. ఇన్నేళ్ళుగా ఆ చేను అట్లా ఉండేదని తను ఊరికే అనుకుంటోందేమో, అసలు ఎప్పుడూ అది అట్లా లేదేమో అని కూడా అనుకుందట. అది విన్నప్పుడు నాకు నిజంగా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చీర సంగతి అటుంచి, ఆమె చిన్నప్పటి చేనునే తుడిచేయబోయాం మేం.

“అదే నాకు ఫోన్లో ఎందుకు చెప్పలేదమ్మా?”

“మీరు అంత కష్టపడి చేసినారు, బాగలేదని ఎట్ల చెప్పేది?” అని, తెర వైపు వేలు చూపించి, “మరి మీ కంప్యూటరు నాకు ఏంటికి చెప్పల్యా?” అంది.

“అది గూడా మన పక్క పుట్టిందే కదమ్మా” అన్నాడు పెనుకొండ ఆయన.

నవ్వాం గానీ ఆ నవ్వు పూర్తి కాకముందే ఆమె లేచి నిలబడింది. పేక దారం ఇంట్లో లేదు. అద్దేవాడు రంగు కాగబెట్టి ఎదురుచూస్తుంటాడు, ఆ మనిషిని నిలబెట్టడం బాగుండదని, ఆమె భర్త పొద్దున్నే దారం తీసుకుని అద్దకం కాడికి వెళ్ళిపోయాడట. నాతో సరే అన్నప్పుడే, అతను వెళ్ళక మానడని ఆమెకు తెలుసు. నాకు కోపం రావాల్సింది, రాలేదు. ఫోన్ చేస్తే అతని ఫోన్ మగ్గం పక్కనే మోగింది.

ముగ్గురం పరుగెత్తాం. నేను పరుగెత్తి ఎన్నేళ్ళయిందో. సందులు తిరిగి అద్దకం షెడ్డు చేరేసరికి పొగలు కక్కే ఎర్రటి నీళ్ళ ముందు ఆమె భర్త నిలబడి ఉన్నాడు. కర్రకు వేలాడదీసిన పట్టు దారం అద్దేవాడి చేతిలో ఉంది. తెల్లగానే ఉంది.

“ముంచొద్దు” అంది ఆమె గుమ్మంలోంచే. “ఎరుపు వద్దు. నాకు పచ్చే కావాల.”

అద్దేవాడు విసుక్కున్నాడు. కాగబెట్టిన రంగంతా పోతుందన్నాడు. భర్త కూడా మొహమాటపడి, ఇప్పుడెట్లా అని నీళ్ళు నమిలాడు. ఆమె వెళ్ళి కర్ర అందుకుని, దారాన్ని గుండెలకు ఆనించుకుని నిలబడింది. ఇంకో కాగులో పచ్చ కలిపేదాకా అక్కడనుంచి కదల్లేదు.

సాయంత్రం రైల్లో ఇద్దరం కిటికీ పక్కన కూర్చున్నాం. పెనుకొండకు ముందు ఎక్కడో పట్టాల పక్కన వేరుశనగ మొలిచిన చేను వచ్చింది. మొదట ఎర్రటి మన్నే కనిపించింది, దాని మీద సన్నటి పచ్చగీతలు. రైలు వంపు తిరిగింది. గీతలు దగ్గరకు జరిగి, ఒకదాన్నొకటి మూసేసి, చేనంతా ఒక్కసారి పచ్చబడింది. పుట్టినప్పటినుంచీ ఈ చేల మధ్యే తిరుగుతున్నాను, ఒక్కనాడూ దీన్ని చూడలేదు. అక్కడ షేడర్ లేదు, కార్డు లేదు. ఒక్కో మొక్కా ఉన్నచోటే నిలబడి ఉంది, కదిలింది మేమే. పక్కనున్నాయన భౌతికశాస్త్రం చెప్పినవాడు కదా, ఏదైనా అంటాడేమోనని చూశాను. ఆయన నోరు తెరుచుకుని కిటికీకి అతుక్కుపోయి ఉన్నాడు.

మర్నాడు పెనుకొండ ఆయన పంపిన ఆ మార్పుకు సరే అని నొక్కాను. నేను రాసిన దెప్పులన్నీ తీసేశాను. పట్టీ మాటలు కాస్త మెత్తగా మార్చమని యజమాని బతిమాలాడు. ఒక్క అక్షరం కూడా మార్చనివ్వలేదు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదాయన. తర్వాత తనే వచ్చి, మూలనున్న కంప్యూటరు మీద దుమ్ము తుడిచి వెళ్ళాడు.

చీర మగ్గం దిగిందని ఆమె కబురు పెడితే మళ్ళీ వెళ్ళాను. అప్పటికే ఒక చీరల అంగడాయన వచ్చి కూర్చుని ఉన్నాడు. ఆమె ఎదురుచూసిన బేరం అదే. చీర చాప మీద పరిచి ఉంది. నేను ఒక చివర నిలబడితే మన్ను, పక్కకు జరిగితే పైరు. చిన్నపిల్లలా దాని చుట్టూ తిరిగాను. మా తెర మీది చీర దీని ముందు వెలవెలపోయిందని ఒప్పుకోడానికి నాకేం నామోషీ లేదు. ఆ అంగడాయన కూడా తల ఇటూ అటూ వంచి చూసి, బాగుండాదమ్మా అన్నాడు.

“చీర బాగుండాది. కొంగు బాగలేదు” అంది ఆమె.

బేరం కూర్చుని ఉండగా ఎవరైనా అంటారా ఆ మాట? ఆమె భర్త తల దించుకున్నాడు. ఆమె మాత్రం ఆగలేదు. కొంగు దగ్గర పేక గట్టిగా పడి పచ్చ ఎక్కువైందనీ, అక్కడ ఎటునుంచి చూసినా మన్ను కనపడటం లేదనీ, అది తన చేతి తప్పేననీ చెప్పింది. ఇదే పడుగు మీద రెండో చీర ఉందనీ, దాంట్లో సరిచేస్తాననీ అంది.

అంగడాయన కుర్చీలోంచి లేచి, కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుని, చాప పక్కన నేల మీద కూర్చున్నాడు.

“యాడమ్మా, చూపీ” అన్నాడు.

ఆమె కొంగు ఎత్తి వెలుగులో పట్టుకుంది. ఆయన వేలితో తడిమి చూసి, అవును, ఈడ మన్ను రాలేదన్నాడు. రెండో చీర నేశాక కూడా ముందు తనకే చూపించమన్నాడు, ఏది బాగలేదో ఇట్లే చెప్పమన్నాడు. ఆ తర్వాత ఆ మొదటి చీరను మడతపెట్టమని, రెండూ తనకేనని చెప్పాడు.